డేటాషీటులో కింది వరుసలు



నీ మెసేజీ చూశాను. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను. రామగుండం వెళ్ళే ప్యానెల్‌కి లోడు లెక్క నీకు అప్పజెప్పారు, ‘సరిపోతుంది’ అని రాసి సంతకం పెట్టమని మీ సీనియరు తొందరపెడుతున్నారు, అంతే కదా? సంతకం తర్వాత. ముందు కార్డు సంగతి చూద్దాం.

మీరు పెడుతున్నది సీమెన్స్ ఎస్7-300 పీఎల్‌సీలో 32 అవుట్‌పుట్ల కార్డు. పాతదే, అయినా మన ప్లాంట్లలో ఇంకా నడుస్తూనే ఉంది. 24 వోల్టులు, ఒక్కో అవుట్‌పుట్‌కి అర ఆంపియరు అనేది అందరికీ నోటికి వచ్చిన మాటే. ఎనిమిదేసి అవుట్‌పుట్లు ఒక గ్రూపు, గ్రూపుకి 4 ఆంపియర్లు. ఎనిమిది అరలు నాలుగు, లెక్క కుదిరిందని చాలామంది అక్కడే డేటాషీటు మూసేస్తారు. నువ్వు కింది వరుస కూడా చదువు. ఆ 4 ఆంపియర్లు 40 డిగ్రీల వరకే. 60 డిగ్రీలకి వచ్చేసరికి 3. అంటే ఎనిమిదింట్లో ఆరే నిండు లోడు మోస్తాయి. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో అక్కడ బయటే 45 దాటుతుంది. తలుపు మూసిన ప్యానెల్‌లో, కార్డులు కూడా తమ వంతు వేడి విడుస్తుంటే, లోపల ఎంతుంటుందో నువ్వే చెప్పు. హైదరాబాద్‌లో ఏసీ గదిలో చేసిన టెస్టింగ్ దానికి సాక్ష్యం కాదు.

ఇంకో వరుస చూడు. అర ఆంపియరు, 24 వోల్టులు అంటే 12 వాట్లు. అదే డేటాషీటు ల్యాంపు లోడు దగ్గర 5 వాట్లే అంటుంది. అచ్చుతప్పు కాదమ్మా. చల్లగా ఉన్న ఫిలమెంటు ఆన్ చేసిన క్షణాన మామూలుకన్నా ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. ఆ క్షణం కోసమే ఆ కోత.

పవర్ రెండు దారుల్లో వస్తుంది, కలిపేయకు. బ్యాక్‌ప్లేన్ 5 వోల్టుల మీద ఈ కార్డు 110 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. సీపీయూ ఉన్న ర్యాకులో మొత్తం మీద మామూలుగా 1.2 ఆంపియర్లే దొరుకుతాయి, చిన్న సీపీయూ అయితే ఇంకా తక్కువ. మిగతా కార్డులన్నీ కూడి చూడు. రెండోది లోడు వైపు 24 వోల్టులు. 32 అవుట్‌పుట్లూ నిండుగా ఆన్ అయితే 16 ఆంపియర్లు, మీ డ్రాయింగులో ఉన్నది 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్. అన్నీ ఒకేసారి ఆన్ కావంటారు మీ సీనియరు. నిజమే కావచ్చు. అయితే ఏ వాల్వుల సొలినాయిడ్లు ఏ ఇంటర్‌లాక్ వల్ల కలిసి ఆన్ కావో డ్రాయింగులో రాయాలి. నోటిమాట సైటు దాకా రాదు.

అందుకే ఉత్త ‘సరిపోతుంది’ అని రాయకు. ‘ప్యానెల్ లోపల ఇన్ని డిగ్రీల వరకు, ఈ అవుట్‌పుట్లు కలిసి ఆన్ కానంతవరకు సరిపోతుంది’ అని రాయి. అర్ధరాత్రి అవుట్‌పుట్ పోతూ వస్తూ ఉంటే, షిఫ్టు ఎలక్ట్రీషియన్ టార్చి పట్టుకుని చూసేది నీ డ్రాయింగే. కారణం అందులో దొరక్కపోతే, పై నుంచి ఫోన్లు మోగుతుంటే, అతను ఓ వైరు ముక్కతో ఆ అవుట్‌పుట్‌ని బైపాస్ చేసి వాల్వు తెరుస్తాడు. ఆ వాల్వు కింద ఎవరున్నారో అతనికి కనబడదు. అతని పేరు నీకు తెలియదు, నీ సంతకం మాత్రం అతనికి కనబడుతుంది.

సీనియరుతో నలుగురిలో వాదించకు. ఆయనకీ పైనుంచి ఒత్తిడి ఉంటుంది. లెక్క కాగితం పట్టుకుని టీ టైములో వెళ్ళి, ‘సార్, ఈ 3 ఆంపియర్ల వరుస ఒకసారి చూడండి’ అను. చూడనంటే, నువ్వు లెక్క కట్టిన మేరకే సంతకం పెట్టు, మిగతాది ఖాళీగా వదిలెయ్.

దారీ ఉంది. పెద్ద సొలినాయిడ్లన్నీ ఒకే గ్రూపులో కుక్కకుండా నాలుగు గ్రూపులకీ పంచు. అప్పటికీ కుదరకపోతే వాటికి ఇంటర్‌పోజింగ్ రిలేలు పెట్టించు, కార్డు మీద రిలే కాయిల్ కరెంటే పడుతుంది. రిలేలకి ప్యానెల్‌లో చోటు లేదంటారేమో, కింది డక్టు పక్కన ఉంటుంది, కొలిచి చూడు.

లెక్క అయ్యాక ఫోటో తీసి పంపు. దసరాకి వస్తావా అని మీ పెద్దమ్మ అడుగుతోంది.

మీ పెదనాన్న