చరిత్ర పాఠము - తొమ్మిదవ ఆజ్ఞ

ధ్యానభాగములు: యెహోషువ 4వ అధ్యాయము, ఆదికాండము 45వ అధ్యాయము



ఎంకపల్లివంటి పల్లెలనుండి ఉన్నత పాఠశాలకు పోవు పిల్లలు ఇంటికి వచ్చి పెద్దలను అడుగు ప్రశ్న యొకటి కలదు. లెక్కలు నేర్చినయెడల ఉద్యోగము వచ్చును, ఇంగ్లీషు నేర్చినయెడల పట్నములో పని దొరకును, చచ్చిపోయిన రాజుల సంగతి మాకెందుకని వారు అడుగుదురు. మనము చాలమారులు జవాబు తోచక, మార్కులకొరకు చదువుమని చెప్పి ఊరకుందుము. ఈ ప్రశ్నను అంత తేలికగా విడువరాదు.

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నది నడుమనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలిపిరి. ఈ రాళ్లెందుకని పిల్లలు అడిగిన దినమున తండ్రులు జరిగినది చెప్పవలసియుండెను. అడుగుట పిల్లల వంతు, చెప్పుట పెద్దల వంతు.

మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములవారికిని అట్టి రాళ్లు దగ్గరనే యున్నవి. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టను బెట్టుకొనెను. అట్టి ఉపద్రవము మరల రాకుండునట్లు మూసీమీద ఉస్మాన్‌సాగరును, ఈసీమీద హిమాయత్‌సాగరును కట్టిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను ముగిసెను. ఒకదానికి నిజాము పేరు, రెండవదానికి ఆయన కుమారుని పేరు పెట్టిరి. రాళ్లు మోసిన కూలివారి పేర్లెక్కడ? నీటిక్రింద ఎవరి పొలములు పోయెను? పిల్లవాడు ఇట్లు అడుగ నేర్చిన దినమున చరిత్ర చదువుట మొదలుపెట్టెనని చెప్పవచ్చును.

పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకరాదని తొమ్మిదవ ఆజ్ఞ మనకు తెలిసినదే. బ్రతికియున్న పొరుగువానిమీద అబద్ధమాడితిమా, అతడు పంచాయతికి వచ్చి మన మాటను ఖండించును. చనిపోయినవాడు సమాధిలోనుండి లేచివచ్చి, నేను అట్లు చేయలేదని చెప్పలేడు. కావున చనిపోయినవారినిగూర్చి మాటలాడునప్పుడు మనకు మరి యెక్కువ భయము ఉండవలెను. ఈ సంగతి ఎవరు చెప్పిరి, కన్నులార చూచి చెప్పిరా, ఒకరివలన విని చెప్పిరా, ఎదుటిపక్షమువారు ఏమనిరి అని విచారించుటయే చరిత్ర పాఠము. ఒక్కని మాటమీద ఎవనికిని నేరము స్థాపింపరాదని మోషే ధర్మశాస్త్రము నేర్పిన న్యాయమును ఇదియే.

మన తాతల కాలపు సంగతి నొకటి చూతము. 1948 సెప్టెంబరు 17వ తేదీన నిజాము ప్రభుత్వము భారతసైన్యమునకు లోబడెను. ఆ దినమును కొందరు విమోచనమందురు, కొందరు విలీనమందురు, కొందరు సమైక్యతయందురు. ఆ దినమునకు ముందు రజాకార్లు పల్లెలమీద పడి దోచుకొనిరి, చంపిరి. ఆ యేడు ఆగస్టులో బైరాన్‌పల్లిలో వారు చేసిన హత్యలను ఆ ఊరు నేటికిని మరువలేదు. ఆ దినమునకు తరువాత కొన్ని జిల్లాలలో నిరపరాధులైన ముస్లింలు అనేకులు హతమైరి. విచారించుటకై ప్రభుత్వము పంపిన పండిత సుందర్‌లాల్ బృందము, 27 వేలనుండి 40 వేలవరకు ప్రాణములు పోయియుండునని అంచనా వేసెను. ప్రభుత్వము ఆ నివేదికను ప్రచురింపక చాలకాలము దాచియుంచెను. కొన్నిచోట్ల హిందూ నేతగాండ్రు తమ ప్రాణములకు తెగించి ముస్లిం నేతగాండ్రను కాపాడిరనియు అందులోనే యున్నది. మొదటి సంగతి మాత్రమే చెప్పువాడును, రెండవది మాత్రమే చెప్పువాడును చెప్పినది నిజమే కావచ్చును. అయినను సగము చెప్పి సగము దాచిన సాక్షిని మనము నమ్మదగిన సాక్షియందుమా?

ఇట్టి సంగతులు పిల్లలకు చెప్పినయెడల ఆరిన నిప్పు మరల రాజుకొనునని కొందరు పెద్దలు భయపడుదురు. ఈ భయము త్రోసివేయదగినది కాదు. అయితే యోసేపును చూడుడి. అన్నలు తన యెదుట నిలిచినప్పుడు, మీరు నన్ను అమ్మివేసితిరని దాచక చెప్పెను. చెప్పి, వారిని కౌగిలించుకొని ఏడ్చెను. నేరమును మరుగుపరచి క్షమించుట యోసేపు ఎరుగడు. నేరమును చెప్పి పగ తీర్చుకొనుటయు ఎరుగడు. గాయమును కడుగక కట్టు కట్టినయెడల లోపల చీము పట్టును. తాత చేసిన పాపమునకు మనుమని తిట్టుట చరిత్ర కాదు. తండ్రి దోషము కుమారుడు భరింపనక్కరలేదని యెహెజ్కేలు ప్రవక్త స్పష్టముగా బోధించెను.

ఇక మన యింటి సంగతి. మన తాతలు దొరలకు వెట్టిచాకిరి చేసిరని మనము చెప్పుకొందుము. అది సత్యము, చెప్పవలసినదే. కరవుకాలములో ఆకలిగొన్నవారికి పని కల్పించి పోస్నెట్ గారు మెదకు గుడిని కట్టించిరనియు, అది 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడెననియు సంతోషముతో చెప్పుకొందుము. అదియు సత్యమే. అయితే ప్రభువు బల్లయొద్దకు వచ్చిన తరువాతను మనలో మనము మాల, మాదిగ యని వేరువేరుగా కూర్చుండిన సంగతిని పిల్లలకు చెప్పుచున్నామా? దావీదు పాపమును, పేతురు బొంకును దాచని గ్రంథమును చేతబట్టుకొని, మన దోషములను మాత్రము దాచుకొనుట తగునా?

కావున తలిదండ్రులారా, ఈ నెలలో ఒక పని చేయుడి. మీ పిల్లవానిని చరిత్ర పుస్తకముతో మీ యింటి వృద్ధులయొద్ద కూర్చుండబెట్టుడి. వారు చూచినదేదో, తమ పెద్దలవలన విన్నదేదో విడదీసి అడుగనిండు. మీకు ఘనత తెచ్చునదియు, సిగ్గు తెచ్చునదియు ఒకే కాగితముమీద వ్రాయనిండు. పిమ్మట ఆ కాగితమును పొరుగువారి యింటిలో చదివి వినిపింపనిండు. అక్కడివారు, ఇది ఇట్లు జరుగలేదని చెప్పినయెడల, ఆ మాటయు క్రింద వ్రాసికొనవలెను. అట్టి బిడ్డ పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చునో మనము చెప్పలేము గాని, రేపు ఊరిలో తగవు పుట్టినప్పుడు ఇరుపక్షములవారును వాని సాక్ష్యమును కోరుదురు. సత్యస్వరూపియైన దేవుడు మన యిండ్లలో అట్టి సాక్షులను లేపును గాక. ఆమేన్.