రెండేళ్ల షరతు

బచేలి

అమ్మలూ,

ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌కి అప్లై చేస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషం. ఒకసారి వెళ్లాక ఇక వెనక్కి రానక్కర్లేదని, రెండేళ్ల షరతుకి ఏదో మినహాయింపు తెచ్చుకోవచ్చని మీ కొలీగులు నూరిపోస్తున్నారట. ఈ ఉత్తరం ఆ మాట గురించే.

అమెరికాలో స్థిరపడటం తప్పని నేననను. మీ అన్నయ్య అక్కడే ఉన్నాడు. బ్యాంకులోను తీసుకుని చదివాడు, తన ఉద్యోగం తను వెతుక్కున్నాడు. వాడు ఎవరికీ బాకీ లేడు. నీ లెక్క వేరు. 1950లో నెహ్రూ హయాంలో రెండు దేశాలూ కుదుర్చుకున్న ఒప్పందం ఇది. 2008లో మన ప్రభుత్వం ఖర్చులో సమాన వాటాకి ఒప్పుకుంది. అంటే నీ విమానం టికెట్టులో ఇక్కడి జనం పన్నూ ఉందన్నమాట. ఇలా సర్కారు సొమ్ముతో జె-1 వీసా మీద వెళ్లినవాళ్లు సొంత దేశంలో రెండేళ్లు ఉంటే తప్ప హెచ్-1బి గానీ గ్రీన్‌కార్డు గానీ తీసుకోకూడదు. ఆ సంగతి తెలిసే సంతకం పెడతావు. మనసులో ఒకటి పెట్టుకుని కాగితం మీద ఇంకొకటి రాయడాన్ని మీవాళ్లు తెలివి అంటారేమో, నేను అబద్ధం అంటాను.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి గురించి నాకన్నా నీకే బాగా తెలియాలి, నీ భాషాశాస్త్రమే కాబట్టి. ఆంధ్రా యూనివర్సిటీలో తెలుగు లెక్చరరుగా ఉంటూ, పాతికేళ్ల ప్రాయంలో ఫుల్‌బ్రైట్ మీద వెళ్లారు. 1957లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పీహెచ్‌డీ ఇచ్చింది. తిరిగొచ్చేశారు. వచ్చి ఏం చేశారో చూడు. నాగలిని, కాడిని, కళ్లాన్ని ఏ ఊరి రైతు ఏమంటాడో పోగుచేయించి 1962లో వ్యవసాయ మాండలిక పదకోశం తెచ్చారు. అరకు వైపు కొండదొరల భాష మీద 1969లో పుస్తకం వేశారు. మనం విశాఖ వెళ్లే పాసింజరు ఆ అరకు మీదుగానే కదా పోతుంది!

ఇక వెళ్లేటప్పుడూ ఉత్తచేతులతో వెళ్లకు. చిన్నప్పుడు సంతలో ఇప్పపువ్వు అమ్మే అవ్వ దగ్గర గోండీ అంకెలు పట్టేశావు. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్ అంటూ, ఇవి మన అంకెల్లాగే ఉన్నాయే అని ఇల్లంతా తిరిగేదానివి. అక్కడి క్లాసులో ఆ సంత గురించి చెప్పు. నేర్చుకుని రమ్మని పంపుతున్నారు సరే, నేర్పి రమ్మని కూడా పంపుతున్నారు.

మన బైలదిలా గనుల ఇనుపరాయి బండి విశాఖకి నిండుగా దిగి, ఖాళీగా ఎక్కి వస్తుంది. ఫెలోషిప్పుల మీద వెళ్లిన మేష్టర్లు కొందరు అచ్చం అలాగే వస్తారు. ఫొటోలు, ఓ సర్టిఫికెట్టు, చలికోటు. పాపం, తప్పంతా వాళ్లది కాదులే. వచ్చేసరికి అదే పాత సిలబసు, అదే టైంటేబులు. సీనియర్లకి కంటగింపు. నీకూ అదే ఎదురవుతుంది, ఓర్చుకోవాలి. సిలబసు మార్చనివ్వకపోతే ఇద్దరు విద్యార్థుల్ని వెంటేసుకుని ఊళ్లమీద పడు, రికార్డరు పట్టుకుని మాట వినడం నేర్పు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అప్లికేషన్ పంపేముందు, తిరిగొచ్చిన మొదటి ఏడాది ఏం చేస్తావో ఒక పేజీ రాసి నాకు పంపు. ఆ పేజీ రాయలేకపోతే ఈ ఏడాదికి అప్లై చెయ్యకు.

ఇట్లు,
పెదనాన్న