సభలు ముగిశాక సన్నిధి ఎక్కడికి పోతుంది?

సందేహం: మాది మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం. సండే స్కూల్లో నేర్చుకున్నదాన్ని, ఇప్పుడు నేనే పిల్లలకు చెబుతున్నాను. ఏటా ఉజ్జీవ సభలకు వెళ్తాం. ఆ మూడు రోజులూ దేవుడు నా పక్కనే ఉన్నట్టుంటుంది, కన్నీళ్లు ఆగవు. ఇంటికొచ్చిన వారానికే అంతా మామూలే. మోకరిస్తే మాటలు వస్తాయి గాని మనసు రాదు. ఉపవాసం ఉన్నాను, తెల్లవారుజామున లేచి ప్రార్థించాను. పొలం పంపకాల దగ్గర మా తోడికోడలికీ నాకూ మాటలు ఆగిపోయి చాలాకాలమైంది. ఆ దిగులు ఒకటుంది, కాని అది ఇంటి సంగతి. దేవుడు నన్ను విడిచి వెళ్లాడా? ఆయన సన్నిధి ఎప్పుడూ ఉండాలంటే ఏం చేయాలి?
— ఒక సోదరి, బాపట్ల

సమాధానం: అమ్మా, ఆయన మిమ్మల్ని విడిచి వెళ్లలేదు. 139వ కీర్తన రాసిన భక్తుడు పైకెక్కినా పాతాళానికి దిగినా దేవుడు లేని చోటు వెతికి పట్టలేకపోయాడు. అన్నకు భయపడి పారిపోతున్న యాకోబు రాయి తలకింద పెట్టుకొని పడుకున్న చోటే బేతేలయింది. అక్కడ దేవుడున్నాడని అతనికి నిద్ర లేచాకగాని తెలియలేదు. ప్రకటన గ్రంథం మూడో అధ్యాయంలో ప్రభువు తలుపు దగ్గర నిలబడి తట్టడం మీరు పిల్లలకు చెప్పే ఉంటారు. ఆ మాట ఆయనను ఎరుగని జనంతో అన్నది కాదు, లవొదికయ సంఘంతో అన్నది. ఆరాధన ఆగని సంఘమే ఆయనను గుమ్మం బయట నిలబెట్టింది. కాబట్టి సన్నిధిని రప్పించడం ఎలా అని కాక, నాలో మూసి ఉన్నదేమిటి అని అడగండి.

అంతకంటే ముందు ఒకటి చూసుకోండి. మనసు ఎండిపోవడం ప్రతిసారీ పాపం వల్లే జరగదు. ఏలీయా కర్మెలు మీద అంత గొప్ప విజయం చూసి, ఆ వెంటనే చావు కోరుకుంటూ బదరీ చెట్టు కింద పడుకున్నాడు. దేవుడు అతన్ని గద్దించలేదు. దూత చేత రొట్టె పెట్టించాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. హోరేబు కొండమీద మెల్లని స్వరం వినిపించింది ఆ తరువాతే. ఇంటి చాకిరీ, తెల్లవారుజాము మేల్కొలుపులు, ఉపవాసాలు అన్నీ కలిసి మీ ఒంటిని నలిపేసి ఉంటే కొన్నాళ్లు ఉపవాసం ఆపి, కడుపునిండా తిని, వేళకు నిద్రపోండి. అది భక్తి తగ్గడం కాదు.

కాని మీ ఉత్తరంలో నన్ను ఆపింది మరో వాక్యం. తోడికోడలి మాట రాసి, అది ఇంటి సంగతి అని పక్కన పెట్టారు. నాకది పక్కన పెట్టే సంగతిగా కనబడటం లేదు.

ఉజ్జీవం గురించి ప్రసంగించేటప్పుడు మనమంతా నెహెమ్యా ఎనిమిదో అధ్యాయం తెరుస్తాం. నీటి గుమ్మం ఎదుటి మైదానంలో ఎజ్రా ఉదయం నుండి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదువుతాడు, జనం నిలబడి విని ఏడుస్తారు. ఎంత గొప్ప ఘట్టం! అయితే దానికి ముందున్న అయిదో అధ్యాయాన్ని మనం చదవకుండా దాటేస్తాం. అందులో కరువు ఉంది, తాకట్టులో పడ్డ పొలాలు, ద్రాక్షతోటలు ఉన్నాయి. సొంత సహోదరుల దగ్గరే వడ్డీ గుంజుతున్న పెద్దలు, దాస్యంలోకి పోతున్న కొడుకులు, కూతుళ్లు ఉన్నారు. నెహెమ్యా ఆ పెద్దలను సమాజం ముందు నిలబెట్టి పొలాలు తిరిగి ఇప్పించాడు, వడ్డీ మాన్పించాడు, యాజకుల ఎదుట ప్రమాణం చేయించాడు. నీటి గుమ్మం దగ్గర కన్నీళ్లు ఆ తరువాత వచ్చాయి. పొలాల తగవు తీరకుండా వాక్యం చదివి ఉంటే ఆ జనం ఏడ్చేవారు కారని నేననను. మీరూ సభల్లో ఏడుస్తున్నారు కదా. కాని ఆ ఏడుపు ఇంటిదాకా వచ్చేది కాదు.

మీకు దగ్గర్లోని ఒంగోలు చరిత్రే చూడండి. 1854 జనవరి 1న, ఇంకా చీకటి ఉండగానే, మిషనరీ లైమన్ జూవెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో అక్కడి కొండెక్కి ప్రార్థించారు. ఈ తెలుగు మిషన్‌ను మూసేయాలా అని అమెరికాలో చర్చ జరిగిన రోజులవి. తరువాత ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. ఆ మిషన్‌లోనే పనిచేస్తున్న జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్లకు పని కల్పించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు కాలమంతా ఇవ్వలేదు. ఇక పంచడానికి ఏమీ లేదన్నా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున దిగి. ఆ సంఖ్య మనకు నోటికి వచ్చు. నన్ను కదిలించేది దాని వెనక ఉన్న నెలల ఎదురుచూపు. వారిలో ఎక్కువమంది మాదిగ పల్లెలవారు. ఆదివారం పని చేయబోమన్నందుకు, కొలుపులకు డప్పు కొట్టబోమన్నందుకు ఊళ్లలో వేధింపులు పడి కూడా నిలబడ్డవారు. నదిలో కలిగిన ఆనందం వాళ్ల సోమవారాల్లోకి నడిచి వచ్చింది.

ఇక మీరు చేయవలసింది. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి ముందు సహోదరుని దగ్గరకు వెళ్లమని ప్రభువు కొండమీద చెప్పింది మత్తయి అయిదో అధ్యాయంలో ఉంది. మీ సహోదరి పక్కింట్లోనో పక్క వీధిలోనో ఉంది. వెళ్లండి. పొలం మాట ఎత్తకుండా, మాటలు ఆగినందుకు మీ వంతు తప్పేదైనా ఉంటే అది మాత్రం చెప్పండి. మీ వాటాలో నిజంగా అన్యాయం జరిగి ఉంటే దాన్ని వదులుకోమని నేను చెప్పడం లేదు. నెహెమ్యా పొలాలు తిరిగి ఇప్పించాడేగాని ఓర్చుకోమనలేదు. ఆ లెక్క పెద్దమనుషుల సమక్షంలో కాగితాలు పెట్టుకొని తేల్చుకోండి. లెక్క వేరు, పలకరింపు వేరు. జక్కయ్య ఇంట్లో ఈ రెండూ ఒకే రోజున జరిగాయి.

ఆమె మొహం తిప్పుకుంటే? తిప్పుకోవచ్చు. మన వల్ల అయినంత మట్టుకే సమాధానంగా ఉండమని పౌలు రోమీయులకు రాశాడు. అవతలివాళ్ల వంతు భారం మీమీద పెట్టలేదు. తిరిగి వచ్చి ఆ రాత్రి మోకరించండి, జరిగింది జరిగినట్టు దేవునితో చెప్పండి. మనసు వచ్చిందా లేదా అని చూసుకోకండి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అయినా దాన్ని ప్రార్థనల పుస్తకంలోనే ఉంచారు.