ఎవరూ చూడని గుడ్లు

నది ఎండితే అందులోని జీవులు చస్తాయని చిన్నపిల్లవాడికీ తెలుసు. నీరు పుష్కలంగా పారుతున్న నదిలోనే జీవులు కనుమరుగవుతాయంటే నమ్ముతారా?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో కొలరాడో నది మీద గ్లెన్ కాన్యన్ ఆనకట్ట 1963 నుండి నీటిని నిలుపుతోంది. నగరాలలో కరెంటు వాడకం పెరిగే వేళ నీరు ఎక్కువ వదులుతారు, వాడకం తగ్గే రాత్రివేళ తగ్గిస్తారు. అందుచేత దిగువన నది రోజూ పొంగుతుంది, రోజూ తీస్తుంది. మేఫ్లై, కాడిస్ ఈగ వంటి పురుగులు పిల్లదశంతా నీటిలోనే గడిపి, రెక్కలొచ్చాక పైకి వస్తాయి. వీటిలో చాలా జాతులు నీటి అంచున, కాస్త లోపలగా, రాళ్లకు గుడ్లు అంటిస్తాయి. నీరు ఎక్కువున్నప్పుడు పెట్టిన గుడ్లు నీరు తీయగానే బయటపడి ఎండిపోతాయి. 2016లో శాస్త్రజ్ఞులు ఈ సంగతి వెల్లడించారు. ఆనకట్ట లోతు నుండి వచ్చే చల్లని నీరు మరో కారణం.

ఇంతకూ ఒక పురుగు గుడ్డుకు మనం బాధ్యులమా? మూగజీవాల పట్ల మనిషికి నేరుగా బాధ్యత లేదని కాంట్ అన్నాడు. అయితే జంతువును హింసించేవాడు మనుషుల పట్ల కూడా కఠినుడవుతాడు కనుక దయ చూపాలన్నాడు. ఇక్కడ హింసించేవాడు ఎవరు? మీట నొక్కే ఉద్యోగి ఆ గుడ్లను చూడనే చూడడు. అతని మనసు ఏమీ బండబారదు. కాంట్ తర్కం ఈ నది ఒడ్డున చేతులెత్తేస్తుంది. పురుగులు లేకపోతే చేపలు, పిట్టలు, గబ్బిలాలు పస్తుంటాయని మరికొందరంటారు. నిజమే, కాని అది పురుగును మేతగా మాత్రమే లెక్కకట్టడం. దేవుని మంచితనాన్ని ఏ ఒక్క ప్రాణీ పూర్తిగా చూపలేదు గనుక సృష్టిలో ఇన్ని రకాలు ఉన్నాయన్న పునీత తోమాసు అక్వినాసు వాదమే నాకు గట్టిదనిపిస్తుంది. ఆ లెక్కన ఎవరూ తినని పురుగుకు కూడా చోటుంది.

2018లో మే నుండి ఆగస్టు దాకా, శని ఆదివారాలలో నీటిని తక్కువ మట్టంలో కదలకుండా ఉంచి చూశారు. ఆ రెండు రోజులలో పెట్టిన గుడ్లు వారమంతా తడిలోనే ఉంటాయి. ఆ ఏడు కాడిస్ ఈగలు పెరిగాయి. 2019, 2020, 2022లలో కూడా అలాగే చేశారు. నిర్గమకాండము ఎద్దుకు, గాడిదకు విశ్రాంతి దినాన్నిచ్చింది. నదికి ఇచ్చినవారు ఇంజనీర్లు!

అయితే శని ఆదివారాలనే ఎందుకు ఎంచుకున్నారంటే, ఆ రెండు రోజులూ కరెంటు గిరాకీ తక్కువ. బుధవారం సాయంత్రం నీటిని కదల్చవద్దని అడిగి ఉంటే ఏం జవాబు వచ్చేదో!