బ్రతికియుండగానే కప్పవలసిన బొంత

ధ్యాన భాగము: 2 సమూయేలు 23వ అధ్యాయము



ఈ అధ్యాయములో దావీదు పరాక్రమశాలుల పట్టీ ఉన్నది. మొత్తము 37 మంది. మనలో చాలామందిమి ఈ పేర్లు చదువకుండనే పేజీ త్రిప్పుదుము. కాని చివరి పేరు దగ్గర ఒకసారి ఆగి చూడండి. హిత్తీయుడైన ఊరియా! పరజాతివాడై యుండియు రాజు కొరకు యుద్ధములో నిలిచినవాడు. అతని పేరు పట్టీకి ఎక్కినది గాని, ఆ పట్టీ మనకు కనబడు చోటికి అతడు చనిపోయి చాలా కాలమైనది. అతని చావునకు కారకుడు దావీదే. పేరున్నది, మనిషి లేడు.

ఇది చదువునప్పుడు మా తప్పు మాకు జ్ఞాపకము వచ్చుచున్నది. మా సంఘములో సైన్యమునుండి రిటైరైన ఒక పెద్దాయన ఉండెడివారు. రిపబ్లిక్ దినమున ఆయనచేత జెండా ఎగురవేయించి, శాలువ కప్పి, ఫోటో తీయించెడివారము. మిగిలిన దినములలో ఆయన వెనుక బల్లమీద ఒక్కరే కూర్చుండి, ఆరాధన కాగానే వెళ్లిపోయెడివారు. రాత్రులు నిద్ర పట్టుటలేదని ఒకసారి చెప్పగా, ప్రార్థన చేసికొనుడని చెప్పి పంపివేసితిమి. ఆయన జ్ఞాపకార్థ కూడికలో మాత్రము ఒక్కొక్కరము పది నిమిషములు మాట్లాడితిమి. ఆ మాటలు వినుటకు ఆయన లేరు.

ఈ విషయములో అమెరికా దేశపు కుట్టుపని చేయువారు మనకు ఒక పాఠము నేర్పుచున్నారు. 2003లో డెలావేర్ రాష్ట్రమునకు చెందిన కేథరిన్ రాబర్ట్స్ అను తల్లి కుమారుడు ఇరాక్ యుద్ధమునకు వెళ్లెను. ఆమెకు ఒక కల వచ్చెను. ఒక యువకుడు అర్ధరాత్రి మంచము అంచున క్రుంగి కూర్చుండెను. తరువాత అతడే ఒక బొంత చుట్టుకొని, నెమ్మది పొందినవాడై కనబడెను. ఆ కలనుండి పుట్టినదే ‘క్విల్ట్స్ ఆఫ్ వేలర్’ అను పని. ఒకరు రంగు గుడ్డముక్కలను కలుపుదురు. మరియొకరు పై గుడ్డ, నడుమ దూది, అడుగు గుడ్డ, ఈ మూడు పొరలను చేర్చి కుట్టుదురు. ఇంకొకరు అంచులు వేయుదురు. పుచ్చుకొనువారి పేరును, కుట్టినవారి పేర్లును ఒక గుడ్డమీద వ్రాసి దానికి చేర్చుదురు. ఇట్లు 3 లక్షలకు పైగా బొంతలు సైనికుల భుజములమీద కప్పబడినవి. వియత్నాం యుద్ధమునకు వెళ్లివచ్చిన వృద్ధులకు కూడ ఇవి అందినవి.

బొంత మనకు క్రొత్తది కాదు. అమ్మమ్మలు పాత చీరలు పరచి కుట్టిన బొంతలలోనే మనము పెరిగితిమి. దానిలో వెల కట్టలేనిది గుడ్డ కాదు, కూర్చుండి కుట్టిన గంటలు. శాలువ అంగడిలో ఐదు నిమిషములలో దొరకును.

దావీదు బేత్లెహేము బావి నీటికొరకు ఆశపడగా, ముగ్గురు వీరులు ఫిలిష్తీయుల దండును చీల్చుకొని పోయి తెచ్చిరి. అతడు ఆ నీళ్లు త్రాగక దేవుని సన్నిధిని పారబోసెను. అవి వారి ప్రాణములతో సమానమని ఎరిగెను. వారు ఎదుట నిలిచియుండగానే ఆ గౌరవము చేసెను. ఊరియా విషయములో అట్లు చేయలేకపోయెను. దావీదు చేసిన మంచియు, చేయలేకపోయిన మంచియు ఒకే అధ్యాయములో ఉన్నవి.

సైనికుని గౌరవించుట యుద్ధమును పొగడుట కాదు. గాయపడినవాని ప్రక్కన కూర్చుండుటయే. బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూపువంటి దళములలో పనిచేసిన తెలుగువారు మన మధ్య ఉన్నారు. ప్రతి సంఘములో స్త్రీల సమాజమువారు ఒక బొంత కుట్టుటకు ఆరంభించండి. యౌవనస్థులు ఆ పెద్దల యింటికి వెళ్లి, వారు చెప్పినంతసేపు వినండి. బొంతను వేదికమీద కాదు, వారి యింటిలోనే కప్పండి. తరువాతి వారమును వెళ్లండి.

ప్రయాసపడినవారిని తనయొద్దకు పిలిచిన ప్రభువు, ఆలస్యము కాకమునుపే మన చేతులను కదిలించును గాక. ఆమేన్.