తిమింగలమును పుట్టగొడుగును

ధ్యానమునకు: కీర్తన 104:24–26, హెబ్రీ 12:14–15



దేవుడు సృజించిన ప్రాణులలో మిక్కిలి పెద్దది ఏదని అడిగినయెడల, నీలి తిమింగలమని మనము వెంటనే చెప్పుదుము. దాని పొడవు దాదాపు 30 మీటర్లు. బరువు 150 టన్నులకు మించవచ్చును. అయినను దాని ఆహారము మన చిటికెన వ్రేలంతటి రొయ్యవంటి ప్రాణులే. అది ఎంత లోతునకు మునిగినను, ఊపిరికొరకు నీటిపైకి రాక తప్పదు.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రమందు మాల్హ్యూర్ అను అడవి కలదు. అక్కడ చెట్లు ఎండిపోవుచుండగా శాస్త్రజ్ఞులు వాటి వేళ్లను పరీక్షించిరి. దూరదూరముగా నున్న చెట్లను పట్టినది ఒకే పుట్టగొడుగు శరీరమని 1998లో కనుగొనిరి. అర్మిలేరియా అను ఆ జీవి నేలక్రింద సుమారు 2,385 ఎకరములు వ్యాపించియున్నది. విస్తీర్ణములో తిమింగలము దాని యెదుట చిన్నదే. నల్లని త్రాళ్లవంటి పోగులతో అది వేరునుండి వేరునకు ప్రాకి, బెరడు క్రింద చేరి చెట్టును చంపును. పైకి కనబడునది ఆకురాలు కాలమున కొద్దిదినములు మొలచు తేనెరంగు గొడుగులు మాత్రమే.

ఈ రెండును దేవుని చేతిపనులే. చచ్చిన మ్రాను మరల మన్నగుటకు అట్టి జీవులును కావలెను గనుక పుట్టగొడుగును మనము నిందింపము. అయినను మన హృదయములనుగూర్చి అది హెచ్చరించుచున్నది.

త్రాగుబోతుతనము, దొంగతనము తిమింగలమువలె అందరికిని కనబడును. సంఘము వెంటనే విచారణ చేయును. అయితే ఏండ్లక్రిందట పెద్దల ఎన్నికలో పలికిన ఒక్క కఠినమైన మాట మాటేమి? ఇరువురు ఒకే బల్లయొద్దకు వచ్చుచున్నారు, ఒకరి ముఖము ఒకరు చూచుకొనరు. వారి భార్యలు మాటలాడుకొనరు. వారి పిల్లలు ఆదివారపు బడి మానిరి. పైకి కనబడినది ఖాళీ బల్లలు మాత్రమే. చేదు వేరు ఎన్ని యిండ్లక్రింద ప్రాకినదో మనము త్రవ్వి చూడలేదు.

మనలో ఎవరము ఈ విషయములో నిర్దోషులము? వేరు మనదే కావచ్చును. మత్తయి 5:23–24లో ప్రభువు చెప్పిన క్రమము మనకు తెలియును: మొదట సమాధానము, తరువాత కానుక. కాబట్టి వచ్చు సంస్కారపు ఆదివారమునకు ముందే ఒక్క గడప త్రొక్కుదము. ఎదుటివాడు ముందు రావలెనని కనిపెట్టుకొని యుండవద్దు.

అంత గొప్ప తిమింగలమే ఊపిరికొరకు పైకి వచ్చుచుండగా, మనము చీకటిలో దాగి ఎంతకాలము బ్రదుకగలము? దాగినదానిని వెలుగులోనికి తెచ్చు ధైర్యమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.