ఈగ వచ్చినను గింజ పట్టని పువ్వు

ధ్యానభాగములు: మత్తయి 6:28, గలతీ 2:11–14

అడవిపువ్వులయొద్ద పాఠము నేర్వవలెనని ప్రభువు తన శిష్యులకు బోధించెను. ఈ నెల దూరదేశపు పువ్వొకదానిని ధ్యానించెదము.

అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున ప్రెయిరీ అను గడ్డిమైదానములు ఒకప్పుడు విస్తారముగా నుండెను. 19వ శతాబ్దమున వలసవచ్చినవారు వాటిని దున్ని సేద్యము చేయ మొదలిడిరి. ఇప్పుడు చేల నడుమను, దారుల అంచులను చిన్న చిన్న ముక్కలే మిగిలినవి. అచ్చట ఎకినేషియా అను ఊదారంగు పువ్వు పూయును. ఇది తన పుప్పొడిని తాను అంగీకరింపదు. దగ్గరి బంధువుల పుప్పొడియు తరచుగా పనికిరాదు. తగిన పుప్పొడి సోకినచో పువ్వులోని కీలము త్వరలోనే ముడుచుకొనును. సోకనిచో దినములకొలది నిలిచి కనిపెట్టుచుండును.

స్టువర్ట్ వాగేనియస్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోటివారును 1990వ దశాబ్దమునుండి ఈ మొక్కలను పరిశీలించుచున్నారు. ఒంటిగా చిక్కిన మొక్కలకు గింజలు తక్కువగా పట్టుచున్నవి. తేనెటీగలు రాకపోవుటయే కారణమని ఎవరైనను తలంతురు. అయితే వారు 2010లో ప్రకటించిన వ్యాసమునుబట్టి ఈగలకు కొరతలేదు. తగిన పుప్పొడికే కొరత. పూత యున్నది, రాకపోక లున్నవి, గింజ లేదు.

ఇది చదివినప్పుడు మా సంఘము మాకు జ్ఞాపకమునకు వచ్చెను. మాకు సువార్తికులు రాకపోలేదు. ఉజ్జీవ కూటములు జరుగుచునే యున్నవి. అయినను రెండు పేటలవారము ప్రభువు బల్లయొద్ద కలిసికొని, ఇంటికి పోయిన పిమ్మట ఒకరి ముంత నొకరు ముట్టము. క్రిస్మసు విందునకు రెండు పొయ్యిలు పెట్టుదుమని పెద్దలు చెప్పగా, కలహమునకు వెరచి మేమును ఊరకుంటిమి. అది సమాధానము కాదు, పిరికితనము.

అయితే పువ్వు ధర్మశాస్త్రము కాదు. ఆ మైదానములలోనే ప్రెయిరీ వయొలెట్ అను మొక్క కొన్ని మొగ్గలను విప్పకయే, తన పుప్పొడితోనే గింజ కట్టును. రెండింటిని దేవుడే కలుగజేసెను. కావున పువ్వు మనలను ప్రశ్నించును గాని తీర్పు వాక్యమునుండి రావలెను. అంతియొకయలో అన్యజనులతో భుజించుచుండిన పేతురు, తనవారు వచ్చినప్పుడు భయపడి ప్రక్కకు తొలగెను. పౌలు దానిని చిన్న తప్పుగా ఎంచక అందరియెదుట గద్దించెను. మేము గద్దింపవలసిన చోట ఊరకుంటిమి.

సువార్త మనకెట్లు వచ్చినది? ప్రెయిరీ సీమలలో కాపురమున్న మెన్నొనైట్ బ్రదరెన్‌వారు 1899లో హైదరాబాదు సంస్థానమునకు మిషనెరీలను పంపిరి. వారు మన కులమువారు కారు, మన భాషవారును కారు. పరాయివారి చేతినుండి జీవము పొందినవారము, ప్రక్క పేటవాని చేతి అన్నము నొల్లమందుమా?

రాబోవు క్రిస్మసునకు ఒకే పొయ్యి వెలిగింతము. ఎవరును రాకున్నను, మొదటి ముద్ద మేము తినెదము. ప్రభువు మనకు ధైర్యము ననుగ్రహించును గాక. ఆమేన్.